జీతమూ, జీవితార్థమూ: ఇమామ్ గజాలీ ఎదుర్కొన్న ప్రశ్న

మనిషి మెలకువగా గడిపే కాలంలో అధిక భాగం జీవనోపాధికే వినియోగమవుతుంది. రైతుకు పొలంలో, వర్తకునికి కొట్టులో, గుమాస్తాకు కచేరీలో, ఉపాధ్యాయునికి బడిలో ఆయుష్షు కరిగిపోతుంది. అలా కరిగిన కాలానికి ప్రతిఫలంగా కొంత డబ్బు చేతికి వస్తుంది. దానితో ఇల్లు గడుస్తుంది. అయితే ఇల్లు గడిచినంత మాత్రాన మనిషికి తృప్తి కలగడం లేదు. నెలనెలా జీతం సక్రమంగా అందుకుంటున్నవాడు కూడా ఏదో ఒకనాడు, తాను చేస్తున్న పని వల్ల ఎవరికి ఏమి మేలు జరుగుతున్నదని తనను తాను ప్రశ్నించుకుంటాడు. సమాధానం దొరకకపోతే అదే పని, అదే జీతం, అదే కుర్చీ మునుపటికన్నా బరువుగా తోస్తాయి.

ఈ ప్రశ్న కర్మాగారాలూ, కచేరీలూ పెరిగిన తరువాతనే పుట్టిందని చాలామంది తలుస్తారు. ఈ అభిప్రాయం సరికాదు. తొమ్మిది వందల సంవత్సరాలకు పూర్వమే, తన కాలంలో ఒక విద్వాంసునికి దక్కగల అత్యున్నత ఉద్యోగాన్ని పొందిన ఒక వ్యక్తిని ఈ ప్రశ్న నిలదీసింది. ఆయనే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మ). ధర్మశాస్త్రంలో, తత్త్వచింతనలో ఆయనకున్న స్థానం సుప్రసిద్ధం. జీతానికీ, జీవితార్థానికీ మధ్య ఆయన పడిన పెనుగులాట మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. కూటికోసం చదువులో చేరిన బాలుడుగా, కీర్తికోసం పాఠం చెప్పిన ఆచార్యుడుగా, చివరకు అదే పాఠాన్ని మరొక ఉద్దేశంతో చెప్పిన ఉపాధ్యాయుడుగా ఆయన జీవితం మూడు దశల్లో సాగింది. ఈ మూడు దశలనూ వరుసగా పరిశీలిస్తే, సార్థకమైన ఉపాధి అంటే ఏమిటో తెలుసుకోవడానికి మార్గం దొరుకుతుంది.

కూటికోసం చదువు

గజాలీ ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో, హిజ్రీ 450, అనగా క్రీ.శ. 1058లో జన్మించారని సాధారణంగా చెబుతారు. ఆ తూస్ శిథిలాలు నేటి ఇరాన్‌లోని మష్‌హద్ నగరానికి సమీపంలో ఉన్నాయి. 14వ శతాబ్దానికి చెందిన చరిత్రకారుడు తాజుద్దీన్ సుబ్కీ కథనం ప్రకారం ఆయన తండ్రి ఉన్ని వడికి, దానిని తన దుకాణంలోనే అమ్ముకుని జీవించిన సామాన్యుడు. స్వయంగా చదువుకునే అవకాశం లేకపోయిన ఆ తండ్రి, మరణ సమయంలో తన ఇద్దరు కుమారులనూ, తాను కూడబెట్టిన కొద్దిపాటి సొమ్మునూ ఒక సూఫీ మిత్రునికి అప్పగించి, పిల్లలకు చదువు చెప్పించమని కోరాడు.

ఆ సొమ్ము ఎంతో కాలం నిలవలేదు. మిత్రుడూ బీదవాడే. తన వద్ద ఇక ఏమీ మిగలలేదనీ, మదర్సాలో విద్యార్థులుగా చేరితే పూట గడుస్తుందనీ ఆయన పిల్లలకు నచ్చజెప్పాడు. ఆ విధంగా గజాలీ సోదరులు మదర్సా గడప తొక్కారు. తాము విద్యను ఆశ్రయించినది దైవప్రీతి కోసం కాదనీ, ఆ విద్య మాత్రం చివరకు దైవం కోసం తప్ప మరి దేనికోసమూ ఉండడానికి ఒప్పుకోలేదనీ గజాలీ అనంతరకాలంలో చెప్పుకునేవారని సుబ్కీ వ్రాశాడు.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉంది. గజాలీ చదువు ప్రారంభం ఉన్నతమైన ఆదర్శంతో జరగలేదు. ఆకలితో జరిగింది. తన వృత్తిని తొలినాడే మహదాశయంతో ఎంచుకోలేకపోయానని చింతించే యువకునికి ఈ వాస్తవం ధైర్యాన్నిస్తుంది. ఒక పనిలో ఎందుకు చేరామన్నది ఆ పని చివరకు ఏమవుతుందో నిర్ణయించదు.

బాగ్దాదు పీఠం

గజాలీ నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ శిష్యరికం చేశారు. 1085లో గురువు మరణించిన తరువాత సెల్జూక్ సామ్రాజ్య మంత్రి నిజాముల్ ముల్క్ కొలువులో చేరి, అక్కడి పండితసభలలో వాదప్రతివాదాలు చేసి పేరు గడించారు. 1091లో ఆ మంత్రియే ఆయనను బాగ్దాదులోని నిజామియా మదర్సాకు ప్రధానాచార్యునిగా నియమించాడు. ఈ మదర్సా 1067లో ప్రారంభమైంది. ఆచార్యులకు జీతాలు, విద్యార్థులకు వసతి కల్పించడానికి దానికి వక్ఫ్ ఆస్తులు సమకూర్చబడ్డాయి. (పంతొమ్మిదవ శతాబ్దంలో హైదరాబాదులో వెలసిన జామియా నిజామియా వేరు, పేరులోని పోలికను బట్టి ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.)

అప్పటికి గజాలీ వయస్సు 33 సంవత్సరాలు. తన వద్ద 300 మంది విద్యార్థులు చదువుకునేవారని ఆయనే ‘అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్’ అనే స్వీయచరిత్రాత్మక గ్రంథంలో పేర్కొన్నారు. ఆయన బాగ్దాదులో ప్రవేశించినప్పుడు ధరించిన దుస్తులకూ, ఎక్కివచ్చిన వాహనానికీ కలిపి చూసినవారు 500 దీనార్ల వెల కట్టారని ఇబ్నుల్ జౌజీ నమోదు చేశాడు. నీషాపూర్ చరిత్రకారుడు అబ్దుల్ గాఫిర్ ఫార్సీ ఆయనను వ్యక్తిగతంగా ఎరిగినవాడు. ఆ రోజుల్లో గజాలీలో అహంకారమూ, ఇతరులను చిన్నచూపు చూసే స్వభావమూ ఉండేవని ఆయన దాపరికం లేకుండా వ్రాశాడు.

లోకం దృష్టిలో ఇంతకన్న సార్థకమైన ఉద్యోగం మరొకటి ఉండబోదు. చెప్పేది ధర్మవిద్య, వినేవారు రేపటి న్యాయమూర్తులు, పండితులు, పుచ్చుకునే జీతం వక్ఫ్ ద్రవ్యం. పనిలో వంక పెట్టడానికి తావే లేదు. అయినప్పటికీ నాలుగు సంవత్సరాలు తిరిగేసరికి ఆ పని ఆయనకు భరింపరానిదయింది.

మూగవోయిన ఆచార్యుడు

తన కార్యకలాపాలన్నిటినీ గజాలీ ఒక్కొక్కటిగా పరీక్షించి చూసుకున్నారు. వాటిలో ఉత్తమమైనది బోధన. కాని ఆ బోధనలో కూడా తాను నిజంగా ప్రయోజనకరం కాని విద్యల మీదనే శ్రమపడుతున్నట్లు ఆయనకు తోచింది. ఆ పైన తన ఉద్దేశాన్ని తరచి చూసుకుంటే, తనను ముందుకు నడిపిస్తున్నది దైవప్రీతి కాదనీ, పదవీ ప్రతిష్ఠల ఆశేననీ తేలింది. ఉద్యోగం వదలుకోవాలని ఉదయం నిశ్చయించుకునేవారు. సాయంత్రానికి ఆ నిశ్చయం సడలిపోయేది. ఇంత పేరును, ఇంత సుఖాన్ని వదలుకుంటే మళ్ళీ దక్కవని మనస్సు బెదిరించేది.

హిజ్రీ 488 రజబ్ మాసం, అనగా 1095 జూలై మొదలుకొని దాదాపు ఆరు మాసాలపాటు ఈ ఊగిసలాట సాగింది. చివరకు అది శరీరానికి పాకింది. విద్యార్థుల ఎదుట కూర్చుంటే నోట మాట పెగలలేదు. కనీసం ఒక్కరోజయినా వారి సంతోషం కోసం పాఠం చెప్పాలని ప్రయత్నించినా నాలుక కదలలేదు. ఆహారం గొంతు దిగలేదు. వైద్యులు పరీక్షించి, ఇది మనస్సులో పుట్టి శరీరానికి సంక్రమించిన రోగమనీ, ఆ మనోవ్యధ తీరనిదే ఔషధాలు పనిచేయవనీ తేల్చారు.

ఈ సంక్షోభానికి రాజకీయ కారణాలను కూడా కొందరు చరిత్రకారులు చూపుతారు. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. అదే సంవత్సరం సుల్తాన్ మలిక్ షా మరణించాడు. గజాలీకి అండగా నిలిచిన కొలువు చెదరిపోయింది. ఈ పరిస్థితుల ప్రభావం ఆయనపై బొత్తిగా లేదని చెప్పడం కష్టం. అయినా, ప్రాణభయం ఒక్కటే కారణమయితే పరిస్థితి చక్కబడగానే పాత పదవికీ, పాత వైభవానికీ ఆయన తిరిగి రావాలి. ఆయన అనంతర జీవితం అందుకు భిన్నంగా నడిచింది.

ఉద్యోగం వదలిన తీరు

గజాలీ 1095 నవంబరులో బాగ్దాదు విడిచారు. ఈ ఘట్టాన్ని వర్ణించేవారు సాధారణంగా ఆయన త్యాగాన్ని మాత్రమే కొనియాడతారు. ఆ త్యాగం వెనుక ఉన్న జాగ్రత్తను కూడా గమనించడం అవసరం. మదర్సాలో పాఠాలు ఆగిపోకుండా తన స్థానంలో బోధించే బాధ్యతను సోదరుడు అహ్మద్ నిర్వహించేట్లు ఏర్పాటు జరిగింది. తన వద్ద ఉన్న ధనాన్ని ఆయన పంచిపెట్టారు. పిల్లల పోషణకు సరిపోయేంత మాత్రం మిగిల్చారు. ఇరాక్ రాబడి ముస్లిం ప్రజల శ్రేయస్సు కోసం వక్ఫ్ చేయబడినదనీ, ఒక విద్వాంసుడు తన కుటుంబం కోసం తీసుకోదగిన సొమ్ములో అంతకన్న శ్రేష్ఠమైనది లేదనీ ఆయన దానికి కారణం వివరించారు.

కనుక ఆత్మశాంతి అన్వేషణలో ఉన్నప్పుడు కూడా ఆలుబిడ్డల అన్నాన్ని ఆయన విస్మరించలేదు. పనిలో అర్థం కనిపించడం లేదన్న కారణంతో తనపై ఆధారపడినవారిని వీధిపాలు చేయడం వైరాగ్యం అనిపించుకోదు. ఈ అవకాశం అందరికీ ఉండదన్నది కూడా నిజం. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడు ఉద్యోగం మానగలడు. రెక్కాడితేగాని డొక్కాడనివాడు మానలేడు. అందువల్ల గజాలీ రాజీనామా అందరూ అనుసరించవలసిన నియమం కాదు. అందరికీ వర్తించే నియమాన్ని ఆయన ఆ తరువాత వ్రాసిన గ్రంథంలో వెతకాలి.

సంపాదన గురించి శాస్త్రచర్చ

జీవనోపాధికి అరబ్బీలో ‘కస్బ్’ అని పేరు. గజాలీకి సుమారు మూడు శతాబ్దాల ముందే ఈ విషయమై చర్చ జరిగింది. దైవంపై భారం వేసినవానికి సంపాదనతో పని లేదని కొందరు విరాగులు వాదించారు. దానికి సమాధానంగా, 805లో మరణించిన హనఫీ ధర్మవేత్త ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ పేరిట ‘కితాబుల్ కస్బ్’ అనే గ్రంథం ప్రచారంలోకి వచ్చింది. అవసరమైనంత మేరకు సంపాదించడం విధి అని అది ప్రతిపాదిస్తుంది. కూలి లేక ఉద్యోగం, వర్తకం, వ్యవసాయం, చేతివృత్తి అని సంపాదనను నాలుగు విధాలుగా విభజిస్తుంది. సేద్యగానికి బట్ట కావాలి గనుక నేతగాని అవసరం ఉంది. నేతగానికి తిండి కావాలి గనుక సేద్యగాని అవసరం ఉంది. కాబట్టి ప్రతివాడూ తన పని ద్వారా ఎదుటివాని ఆరాధనకు తోడ్పడుతున్నాడని అందులో వివరణ ఉంది. ఒంటినిండా బట్ట, కడుపులో ఇంత తిండి లేనిదే ఎవడూ నమాజుకు నిలబడలేడు గదా!

బాగ్దాదు విడిచిన గజాలీ డెమాస్కస్ వెళ్ళి, అక్కడి ఉమయ్యద్ మసీదు మినారులో ఏకాంతంగా గడిపారు. తరువాత జెరూసలేమునూ, హెబ్రోనులో ఇబ్రాహీం ప్రవక్త సమాధినీ దర్శించి, హజ్ యాత్ర చేశారు. ఈ సంవత్సరాలలోనే ఆయన మహాగ్రంథం ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ రూపుదిద్దుకుంది. నలభై భాగాల ఆ గ్రంథంలో పదమూడవ భాగం సంపాదన మర్యాదలకు సంబంధించినది. అన్నీ విడిచి వెళ్ళిన మనిషి సంతలో సరుకు అమ్ముకునేవాని కోసం ఒక పూర్తి భాగాన్ని కేటాయించడం గమనార్హం. అందరూ తనవలె మినారు ఎక్కి కూర్చోవాలని ఆయన ఎక్కడా చెప్పలేదు. పైగా ప్రజలందరూ వృత్తులూ, వర్తకాలూ మానివేస్తే బ్రతుకుతెరువులు స్తంభించి, లోకం నశిస్తుందని హెచ్చరించారు.

నాలుగు కొలతలు

‘ఇహ్యా’లో వివిధ సందర్భాలలో చెప్పిన విషయాలను ఒకచోట చేర్చి చూస్తే, ఒక ఉపాధి సార్థకమా, కాదా అని తేల్చుకోవడానికి నాలుగు కొలతలు లభిస్తాయి.

మొదటిది సంకల్పం, అనగా నియ్యత్. ఇతరుల ముందు చేయి చాపకుండా ఉండడం, కుటుంబాన్ని పోషించడం, ధర్మసమ్మతమైన సొమ్ముతో సత్కార్యాలకు తోడ్పడడం అనే ఉద్దేశాలతో పనికి బయలుదేరాలని గజాలీ బోధించారు. ఈ దృష్టితో చూస్తే, కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళి, ఎండలో ఇటుకలు మోసి ఇంటికి డబ్బు పంపే కార్మికుని పని అల్పమైనది కాదు. అతడు కట్టే భవనంతో అతనికి సంబంధం లేకపోవచ్చు. అక్కడి కూలితో ఇక్కడ అతని బిడ్డలు చదువుకుంటున్నారు. అర్థమంతా ఆ గొలుసులోనే ఉంది.

రెండవది సమాజావసరం. సమాజం మొత్తంపై ఉండి, కొందరు నెరవేర్చితే మిగిలినవారి బాధ్యత తీరిపోయే విధిని ‘ఫర్జె కిఫాయా’ అంటారు. మృతుని ఖననం చేయడం ఇందుకు అందరూ ఎరిగిన ఉదాహరణ. వైద్యం, గణితం, వ్యవసాయం, నేత, కుట్టుపని వంటివి కూడా ఈ కోవలోనివేనని గజాలీ స్పష్టం చేశారు. ఆయన తన తోటి విద్వాంసులపై చేసిన విమర్శ ఈ సందర్భంలోనిదే. ఎన్నో పట్టణాలలో ముస్లిం వైద్యుడే కనిపించడం లేదనీ, అయినా జనమంతా ధర్మశాస్త్రానికే ఎగబడుతున్నారనీ ఆయన వాపోయారు. వైద్యం నేర్చినవానికి వక్ఫ్ ఆస్తుల పెత్తనం, అనాథల సొమ్ముపై అజమాయిషీ, న్యాయమూర్తి పదవి దక్కవు. శాస్త్రం చదివినవానికి దక్కుతాయి. పవిత్రమైన విద్య పేరుతో పదవుల వేట సాగుతున్నదని ఆయన మొగమాటం లేకుండా చెప్పారు. నేడు కూడా తల్లిదండ్రులు తమ పిల్లలను ఒకే కోర్సు వైపు, ఒకే రకం ఉద్యోగం వైపు తరిమేటప్పుడు ఈ విమర్శను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవడం మంచిది. పదిమంది పరుగెత్తే చోట పదకొండవవాని అవసరం తక్కువ. ఎవరూ పోని చోట ఒక్కడున్నా పెద్ద మేలు జరుగుతుంది.

మూడవది సొమ్ము స్వచ్ఛత. మంచి ఉద్దేశం చెడు పనిని మంచిపనిగా మార్చలేదని ‘ఇహ్యా’ సంకల్పప్రకరణం ఖండితంగా చెబుతుంది. సంకల్పబలంతో పుణ్యకార్యం మరింత పుణ్యమవుతుంది. మామూలు పని పుణ్యకార్యమవుతుంది. పాపకార్యం మాత్రం పాపంగానే మిగిలిపోతుంది. అధర్మంగా ఆర్జించిన ధనంతో మదర్సా కట్టించినవాడు, మసీదు కట్టించినవాడు తన ఉద్దేశం మంచిదని చెప్పుకుని తప్పించుకోలేడు. లంచం పుచ్చుకుని దానధర్మాలు చేసేవానికీ, సరుకులోని లోపాన్ని దాచి అమ్మి జకాత్ చెల్లించేవానికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. సరుకులోని లోపాన్ని అమ్మేవాడే చెప్పాలనీ, లేని గుణాలను పొగడరాదనీ, తూకంలో మోసం పనికిరాదనీ గజాలీ విధించిన నియమాలు చూడడానికి చిన్నవే. ఒకని వృత్తి సార్థకమో, వ్యర్థమో తేలేది ఇటువంటి చిన్న చోట్లనే.

నాలుగవది పరిమితి. ఇహలోకపు బజారు పరలోకపు బజారుకు అడ్డు కారాదని గజాలీ అంటారు. పరలోకపు బజారు అంటే మసీదు. అందరికన్న ముందు దుకాణం తెరచి, అందరికన్న వెనుక మూసేవాడు దురాశకు లోనవుతాడని ఆయన హెచ్చరించారు. బస్రా నగరానికి చెందిన హదీసువేత్త హమ్మాద్ బిన్ సలమా ఒక బుట్టలో పట్టుబట్టలు పెట్టుకుని అమ్మేవారట. రెండు హబ్బాల లాభం రాగానే బుట్ట ఎత్తి ఇంటికి వెళ్ళిపోయేవారని ‘ఇహ్యా’లో ఉంది. హబ్బా అంటే గింజ ఎత్తు తూకం. ఇంతటి నిగ్రహం అందరికీ సాధ్యం కాదు. అయినా ‘ఇక చాలు’ అనే మాటకు సంపాదనలో చోటుండాలన్న సూత్రం అందరికీ అవసరమే. పని ఎంత మంచిదయినా మనిషిని పూర్తిగా మింగివేస్తే, ఇక అర్థాన్ని వెతకడానికి లోపల ఎవరూ మిగలరు.

జీతం పుచ్చుకోవడం దోషమా?

సేవాభావంతో చేసే పనికి డబ్బు తీసుకోరాదనే భావన సమాజంలో ఉంది. ఇస్లామీ సంప్రదాయం దీనిని వేరుగా చూసింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వ్యాపారి. ఖలీఫా అయిన తరువాత కూడా బట్టలు భుజాన వేసుకుని బజారుకు బయలుదేరితే, హజ్రత్ ఉమర్, అబూ ఉబైదా (రజి) వారించారు. ప్రజల పని చూసేవారికి వ్యాపారం చేసుకునే తీరిక ఉండదని చెప్పి, బైతుల్ మాల్ అనే ప్రజాధనాగారం నుండి ఆయన కుటుంబానికి భత్యం ఏర్పాటు చేశారు. తాను తీసుకున్న సొమ్మును తిరిగి చెల్లించవలసిందిగా ఆయన మరణ సమయంలో ఆదేశించారు. తోటివారు ఖలీఫాను వ్యాపారం మానమని కోరిన సంగతిని గజాలీ కూడా తన గ్రంథంలో ఉదాహరించారు. ప్రజలకు అవసరమైన పనిలో పూర్తికాలం నిమగ్నమైనవానికి ప్రజాధనం నుండి జీవనభృతి లభించాలన్నది ఆయన అభిప్రాయం.

దీనికి రెండవ పార్శ్వం కూడా ఉంది. పని పవిత్రమైనదన్న సాకుతో పనివానికి చాలీచాలని జీతమివ్వడం అన్యాయం. మసీదులో ఇమామ్‌కు, మదర్సాలో పంతులుకు, ఆసుపత్రిలో ఆయాకు మీది సేవ, మీకు పుణ్యం వస్తుందని చెప్పి జీతం వాయిదా వేసే యాజమాన్యాలు ఈ విషయం గుర్తించాలి. కూలివాని కూలిని జాప్యం చేయకుండా వెంటనే చెల్లించాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పనిలోని అర్థం పనివాని సొత్తు. దానిని యజమాని జీతంలో కోతగా మార్చుకోరాదు.

మళ్ళీ అదే పాఠం

పదకొండు సంవత్సరాల అనంతరం, 1106లో, మంత్రి ఫఖ్రుల్ ముల్క్ ఒత్తిడిపై గజాలీ తిరిగి అధ్యాపకత్వం స్వీకరించారు. ఈసారి నీషాపూర్ నిజామియాలో. పాఠశాల పేరు మునుపటిదే, పని మునుపటిదే. మరి ఇన్నేళ్ళ సంచారం దేనికి? ఈ ప్రశ్నకు ఆయనే సమాధానం చెప్పారు. చూసేవారికి తాను బోధనకు తిరిగి వచ్చినట్లు కనిపించినా, నిజానికి తిరిగి రాలేదన్నారు. పూర్వం పదవీ ప్రతిష్ఠలను తెచ్చిపెట్టే విద్యను బోధించేవాడిననీ, ఇప్పుడు వాటిని వదలుకోవడం నేర్పే విద్యను బోధిస్తున్నాననీ ఆయన వివరించారు.

ఈ మార్పును సందేహించినవారు లేకపోలేదు. పూర్వపు అహంకారాన్ని ఎరిగిన అబ్దుల్ గాఫిర్ ఫార్సీ, ఇదంతా పైపై వేషమేమోనని అనుమానించాడు. అనేక పర్యాయాలు స్వయంగా కలుసుకుని, దగ్గరనుండి పరిశీలించిన మీదట మార్పు నిజమైనదేనని తాను ఒప్పుకోవలసి వచ్చిందని వ్రాశాడు. బాగ్దాదు వారికి కూడా అటువంటి నిదర్శనం ఒకటి దొరికింది. గజాలీ సంచారం మధ్యలో 1097 ప్రాంతంలో ఆ నగరానికి వచ్చారు. ఒకప్పుడు ఆయన వైభవానికి 500 దీనార్ల వెల కట్టినవారే ఆనాటి ఆయన దుస్తులకు 15 ఖీరాత్‌ల వెల కట్టారు. అది ఒక్క దీనారుకు కూడా తక్కువే.

కొంతకాలానికి ఆయన నీషాపూర్ కూడా విడిచి, సొంత ఊరు తూస్‌లో ఇంటి ప్రక్కనే మదర్సా, ఖాన్‌ఖా నడిపారు. 1110లో బాగ్దాదు పీఠం ఖాళీ కాగా, తిరిగి రావలసిందిగా పిలుపు వచ్చింది. దానిని ఆయన మర్యాదగా నిరాకరించారు. తూస్‌లో 150 మంది విద్యార్థులు తనను ఆశ్రయించి ఉన్నారనీ, పాలకుల సొమ్ము పుచ్చుకోననీ, బహిరంగ వాదోపవాదాలలో పాల్గొననీ ఇబ్రాహీం ప్రవక్త సమాధి వద్ద ప్రతిజ్ఞ చేశాననీ, తూస్‌లోని కొద్దిపాటి భూమితో పొదుపుగా కుటుంబం గడుస్తుందనీ తన జాబులో తెలియజేశారు. ఈ కారణాలలో పారమార్థికమూ ఉంది, ఇంటి ఖర్చుల లెక్కా ఉంది. ఆ రెంటినీ ఒకే జాబులో వ్రాయడానికి ఆయన సంకోచించలేదు. మరుసటి సంవత్సరం, 1111 డిసెంబరులో, తూస్‌లోనే ఆయన కన్నుమూశారు.

ముగింపు

గజాలీ జీవితం నుండి ఉద్యోగం మానాలని గాని, మానరాదని గాని ఒక్క ముక్కలో తీర్పు తీయడం సాధ్యం కాదు. ఆయన ఒకసారి మానారు, ఒకసారి చేరారు, ఒకసారి నిరాకరించారు. మూడుసార్లూ వచ్చిన పని ఒక్కటే, బోధన. ఆ పని ఎవరి అవసరాన్ని తీరుస్తుంది, ఏ సొమ్ముతో నడుస్తుంది, ఏ ఉద్దేశంతో జరుగుతుంది, మనిషిలో ఎంత భాగాన్ని మిగులుస్తుంది అనే ప్రశ్నలకు లభించిన జవాబులను బట్టి ఆయన నిర్ణయాలు మారాయి.

ఈ నాలుగు ప్రశ్నలనూ ఎవరైనా తమ ఉపాధి విషయంలో వేసుకోవచ్చు. సొమ్ము స్వచ్ఛతకు సంబంధించిన ప్రశ్నకు జవాబు ప్రతికూలమయితే ఆ పని నుండి బయటపడే దారి వెతకడమే కర్తవ్యం. కుటుంబానికి ఏర్పాటు చేసుకుంటూనే వెతకాలి. మిగిలిన మూడింటిలో లోపముంటే, చాలాసార్లు పని మార్చకుండానే సరిదిద్దుకోవచ్చు. రేషన్ కార్డు కోసం ఉదయం నుండి నిలుచున్న ముసలామెను విసుక్కోకుండా కూర్చోబెట్టి పని పూర్తిచేసి పంపిన గుమాస్తా, చివరి బల్ల మీది పిల్లవానికి లెక్క అర్థమయ్యేవరకు ఆగిన ఉపాధ్యాయుడు, పనిలో పని మార్చుకున్నవారే. వారి జీతం పెరగలేదు, హోదా పెరగలేదు. ఆనాటి కూలికి ఆనాటి అర్థం మాత్రం దక్కింది. తూస్‌లో తండ్రి వడికిన ఉన్ని ఎవరి చలిని కాచిందో కొడుకు ఎరుగడు. అది ఎవరో ఒకరిని కాచే ఉంటుంది. ఆ పని సార్థకమని చెప్పడానికి అంతే చాలు.